సెలెస్ట్ గారి లేసు దిండు

2014 చలికాలం. డునెడిన్‌లో మా క్లినిక్ రెండో అంతస్తులో ఉండేది. నా గది కిటికీలోంచి హార్బర్ కనిపించేది. ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ వచ్చిందంటే, పొద్దున చాలాసేపటి దాకా నీళ్లూ మబ్బూ కలిసిపోయి ఉండేవి. అవతలి ఒడ్డు కొండలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. అలాంటి పూటల్లో పేషెంట్లు కూడా మెల్లగా మాట్లాడేవాళ్లు. గదిలో హీటర్ చప్పుడు, వేడినీళ్ల తొట్టిలో నీళ్లు కాగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

నేను హ్యాండ్ థెరపిస్టుని. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా నా పని. ఎముక విరిగితే డాక్టర్లు సరిచేసి కట్టు కడతారు. కట్టు విప్పాక బిగుసుకుపోయి, వాచిపోయి, తనది కానట్టున్న చేతిని మళ్లీ మనిషికి అలవాటు చెయ్యడం మా వంతు. మాది నరసాపురం దగ్గర చిన్న ఊరు. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి, పై చదువుకి ఈ దేశం వచ్చి, చదువయ్యాక ఇక్కడే సెటిల్ అయ్యాను. ఇన్నేళ్లలో ఎన్నో చేతులు చూశాను. గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లవి, వంటవాళ్లవి, పియానో టీచర్లవి. వాటిలో నాకు ఇప్పటికీ కలలోకి వచ్చే చెయ్యి సెలెస్ట్ గారిది.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు. పోర్చుగల్ ఉత్తర తీరంలో విలా దో కొండె అనే రేవు ఊళ్లో పుట్టారు. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసే ఒక కివీని, అంటే ఈ దేశపు మనిషిని, పెళ్లి చేసుకుని, డునెడిన్ పక్కనే ఉన్న పోర్ట్ చామర్స్‌కి కాపురానికి వచ్చారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ చలికాలం మొదట్లో తడిసిన మెట్ల మీద జారి, కుడి చెయ్యి ఆనించి పడ్డారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. దీన్ని మేం డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్ అంటాం. పెద్దవాళ్లలో చాలా మామూలుగా చూసేదే.

కట్టు విప్పాక కూతురు అనా ఆవిడని నా దగ్గరికి తీసుకొచ్చింది. అనాకి యాభై దాటాయి. సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీకి వేసుకునే జాకెట్‌తోనే వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

గోనియోమీటర్‌తో, అంటే కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచే స్కేలుతో, ఆవిడ చెయ్యి కొలిచాను. వేళ్లు ఫరవాలేదు. మణికట్టు కొంచెం వంగుతోంది. కానీ అరచెయ్యి పైకి తిరగడం లేదు. ప్రసాదం పట్టుకోవడానికి చెయ్యి తిప్పుతాం చూడండి, ఆ కదలికని సూపినేషన్ అంటాం. ఆవిడ చెయ్యి సగం దారిలోనే, తలుపు గడియ పడ్డట్టు ఆగిపోయేది.

"మీరు ఏం పని చేస్తుంటారు?" అని అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే.

"ఏమీ లేదు. ఇంట్లోనే ఉంటాను," అన్నారు.

నేను ఇంటిపనికి సరిపడే వ్యాయామాలు చెప్పాను. మెత్తటి రబ్బరు ముద్ద పిసకడం, సుత్తి పట్టుకుని మెల్లగా పక్కకి వాల్చడం. ఆవిడ మర్యాదగా తలూపారు. మళ్లీ వచ్చినప్పుడు చూస్తే కొలతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తర్వాతి వారమూ అంతే.

"మమ్ ఆ ముద్దని ముట్టుకోవడం లేదు. పిల్లల ఆట వస్తువులంటుంది," అంది అనా విసుగ్గా.

ఒకరోజు నేను స్ప్లింట్ సరిచేస్తున్నాను. చెయ్యిని ఒక స్థితిలో నిలిపి ఉంచే తొడుగు అది. ప్లాస్టిక్ రేకుని వేడినీళ్లలో మెత్తబరిచి చేతికి తగ్గట్టు వంచుతాం. రేకు మెత్తబడేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆవిడ కిటికీలోంచి మబ్బుని చూస్తున్నారు. ఒళ్లో ఉన్న ఎడమ చెయ్యి మాత్రం ఊరికే లేదు. వెల్లకిలా తిరిగి, వేళ్ల మధ్య కనిపించని వస్తువుల్ని దొర్లిస్తూ, ఒకదాని మీంచి ఒకదాన్ని దాటిస్తోంది.

నాకు ఒక్కసారిగా మా మేనత్త సుందరమ్మ గుర్తొచ్చింది. మా వైపు ఆడవాళ్లు క్రోషా సూదితో లేసు అల్లుతారు. మా అత్త చిన్నప్పటి నుంచీ అల్లింది. వాకిట్లో కూర్చున్న వాళ్లని ఎవరైనా "ఏం చేస్తున్నారే?" అని పలకరిస్తే, "ఏముంది, ఖాళీగానే ఉన్నాం," అనేవాళ్లు. అలా అంటున్నంతసేపూ సూది ఆడుతూనే ఉండేది. సూది లేనప్పుడు కూడా మా అత్త వేళ్లు అలాగే కదిలేవి.

ప్రశ్న మార్చి అడిగాను. "ఖాళీగా ఉన్నప్పుడు మీ చేతులు ఏం చేస్తుంటాయి?"

ఆవిడ నా వైపు తిరిగారు. మొదటిసారి నవ్వారు. "బిల్రోష్," అన్నారు.

బిల్రోష్ అంటే దారం చుట్టిన చిన్న చెక్క పుల్లలు. వాటితో అల్లే లేసు వాళ్ల ఊరి పని. "మా దగ్గర ఒక సామెత ఉంది. వలలున్న చోట లేసు ఉంటుంది. మగవాళ్లు సముద్రం మీదికి పోతే ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని లేసు అల్లేవాళ్లు. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మమ్మ దిండు ముందు కూర్చోబెట్టింది." ఆ మాట అంటూ తన కుడి చెయ్యి వైపు చూసుకున్నారు. "అరచెయ్యి పైకి తిరక్కపోతే పుల్లలు నిలవవు, ఫిల్యా." ఫిల్యా అంటే వాళ్ల భాషలో కూతురు.

"ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదండీ?"

"నువ్వు పని అడిగావు. లేసుని పనని ఎవరన్నారు?"

అప్పుడు అసలు సంగతి బయటపడింది. పడిపోవడానికి ముందురోజు దాకా ఆవిడ ఒక లేసు అల్లుతున్నారు. అది సగంలో ఆగి, దిండు మీద అలాగే ఉంది. అల్లినంత మేరా సన్నటి ఉక్కు పిన్నులు గుచ్చి ఉన్నాయి. పిన్నులు తీస్తే అల్లిక చెదిరిపోతుంది. తియ్యకుండా వదిలేస్తే పోర్ట్ చామర్స్ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. దారానికి తుప్పు అంటిందంటే ఇక పోదు.

"గుడ్డ కప్పి ఉంచాం కదా, మమ్," అంది అనా.

"గుడ్డ గాలిని ఆపుతుందా?" అన్నారావిడ.

దిండుని క్లినిక్‌కి తీసుకురమ్మన్నాను. మా వృత్తిలో దీన్ని ఫంక్షనల్ టాస్క్ అంటాం. రబ్బరు ముద్దలు పక్కనపెట్టి, మనిషి బతుకులో ఉన్న పనినే వ్యాయామంగా మార్చడం.

తర్వాతి వారం అనా దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది. గడ్డి కూరిన గుండ్రటి పొడుగాటి దిండు. దాన్ని ఆనించడానికి చిన్న చెక్క పీట. దిండుకి చుట్టిన అట్ట మీద డిజైను ప్రకారం చిల్లులు పొడిచి ఉన్నాయి. తెల్లదారం మీద కళ్లు అలిసిపోకుండా అట్టకి కుంకుమపువ్వు రంగు వేస్తారట. ఆ పసుపు మీద తెల్లటి అలలు, అలల్లో చిన్న చిన్న చేపలు. చివర్న వేలాడుతున్న పుల్లలు చేతుల ఒరిపిడికి తేనె రంగు తేలి, నున్నగా మెరుస్తున్నాయి. అనా దాన్ని పీట మీద పెడుతుంటే పుల్లలన్నీ ఒకదానికొకటి తగిలి, రేకు మీద వాన మొదలైనట్టు చప్పుడైంది. పక్కగదిలో ఉన్నవాళ్లు కూడా మాటలాపారు.

"ఇది ఎవరికోసం?" అని అడిగాను.

"ఎవరికోసమూ కాదు. ఈ చేపల డిజైను మా అమ్మమ్మది. ఎక్కడా అచ్చులో లేదు. చేతులు మర్చిపోకుండా ఏటా ఒకసారి అల్లుకుంటాను. ఊళ్లో లేసు నేర్పే బడి ఉంది, మంచి పనివాళ్లూ ఉన్నారు. కానీ ఈ చేపలు తెలిసినవాళ్లలో మా చెల్లెలు కూడా పోయింది, ఇక నేనొక్కదాన్నే. కిందటిసారి వెళ్లినప్పుడు రేవు దగ్గర కొట్టులో మిషను లేసు అమ్ముతున్నారు. చుట్టూ ఉన్న జనం అదే మా ఊరి లేసనుకుని కొంటున్నారు. నేను కొట్లో నిలబడి, వేళ్లతో దాన్ని తడిమి చూసి వచ్చేశాను."

ఆవిడ దిండు ముందు కూర్చుని రెండు చేతులూ చాపారు. ఎడమ అరచెయ్యి విచ్చుకుంది. పుల్లలు అందులోకి వాటంతటవే వచ్చి చేరాయి. కుడి చెయ్యి సగందాకా తిరిగి ఆగిపోయింది. పుల్లలు జారి పడ్డాయి. మళ్లీ చేతిలోకి తీసుకున్నారు, మళ్లీ జారాయి. మూడోసారి ఆవిడ ప్రయత్నించలేదు. గుడ్డ తీసి, నిద్రపోయినవాళ్లకి దుప్పటి కప్పినంత మెల్లగా దిండు మీద కప్పేశారు.

"తీసుకుపో, అనా," అన్నారు.

ఎక్స్‌రేలో ఎముక కొంచెం వంకరగా అతుక్కున్నట్టు కనిపించింది. సర్జన్‌తో మాట్లాడాను. ఆ వయసులో మళ్లీ ఆపరేషను మంచిది కాదన్నారు. వ్యాయామంతో కొంత నయమవుతుంది, పూర్తిగా మాత్రం తిరగదు. ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పాలా అన్న దిగులుతో ఆ ఆదివారం మా అత్తకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"కుడిచెయ్యి పోతే ఏవైందే?" అంది మా అత్త. "మన లేసు ఒక్కత్తే చేస్తుందేంటి? ఒకత్తి పువ్వులల్లుద్ది, ఒకత్తి అంచులల్లుద్ది, అతుకుపని ఇంకోత్తి చేసుద్ది. దుప్పటి తయారయ్యేసరికి ఎవత్తి చెయ్యి ఎక్కడుందో ఎవత్తికీ తెలీదు. ఆవిడ ఒక్కత్తీ కూచుంటే ఎలాగ? పక్కనింకో చెయ్యి ఎట్టుకోమను."

"అది వేరే రకం లేసు అత్తా. రెండు చేతులూ ఒకేసారి ఆడాలి."

"అయితే ఇద్దరు కూచోండి. నీకు చెయ్యి లేదా?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు. వచ్చేవారం దిండు మళ్లీ తెమ్మని అనాకి చెప్పాను. వాళ్లు వచ్చాక సెలెస్ట్ గారికి ఎముక సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ విని, "తెలుసు. నా చెయ్యి నాకు చెప్పింది," అన్నారు.

"మీ కుడిచేతిగా నేను కూర్చుంటాను. మీరు చెప్పండి, నేను తిప్పుతాను."

నన్ను ఎగాదిగా చూశారు. "గోళ్లు కత్తిరించుకో," అన్నారు.

కుర్చీ ఆవిడ కుడిపక్కకి లాక్కుని, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి, ఒకే దిండు మీద. లేసులో ఉన్నవి రెండే కదలికలు. దాటించడం, మెలితిప్పడం. చెప్పడానికి అంతే. నా చేతిలో పుల్లలు చిక్కుపడ్డాయి. ఆవిడ నాలుకతో చిన్నగా చప్పుడు చేసి ఊడదీసేవారు. "బలం వద్దు, ఫిల్యా. వాటి బరువే వాటిని తిప్పుతుంది. నువ్వు దారి ఇస్తే చాలు."

కొంతసేపటికి చెయ్యి వినడం మొదలుపెట్టింది. దాటించు, మెలితిప్పు, పిన్ను. దాటించు, మెలితిప్పు, పిన్ను. కిటికీ బయట హార్బర్ మీద మబ్బు అలాగే ఉంది. ఆవిడ తమ భాషలో ఏదో గొణుక్కుంటున్నారు. లెక్కో, పాటో తెలియలేదు. పుల్లల చప్పుడులో నాకు మా వాకిలి, ఆవిడ చెప్పిన రేవు గుమ్మాలు, కింద లంగరేసి ఉన్న పడవలు అన్నీ ఒకే చోటున్నట్టు అనిపించింది. ఎవరో వలని నీళ్లలోంచి మెల్లగా పైకి లాగుతున్నారు, అందులో తెల్లచేపలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. నిద్ర కాదు, పూర్తి మెలకువా కాదు. ఒక చేప తోక పూర్తయి, నోటి దాకా వచ్చాం.

అంతలో రిసెప్షన్ నుంచి పిలుపు. నా తర్వాతి పేషెంటు వచ్చేశాడు.

"ఇక్కడ ఆపకూడదు," అన్నారు సెలెస్ట్ గారు కంగారుగా. "చేప నోటి దగ్గర దారాలు వదిలితే వదులైపోతాయి."

నేను లేవాలి. ఆవిడ వదలరు. చెయ్యి గాల్లోనే ఉంచి నేను ఎటూ తేల్చుకోలేకపోతుంటే, తలుపు పక్కనుంచి అనా లేచి వచ్చింది. జాకెట్ విప్పి కుర్చీకి తగిలించింది. "జరగండి," అని నా చోట్లో కూర్చుంది. నా చేతిలోని పుల్లల్ని తన చేతిలోకి తీసుకుంది. ఆవిడ ఏమీ చెప్పకముందే దాటించి, మెలితిప్పి, పిన్ను గుచ్చింది.

సెలెస్ట్ గారి ఎడమ చెయ్యి ఆగిపోయింది.

"నీకెలా వచ్చు?"

"నువ్వు అల్లుతుంటే చిన్నప్పుడు ఎక్కడ కూర్చునేదాన్ని, మమ్? దిండు పక్కన, నేల మీదే. పైకి చూస్తే నాకు కనపడేవి నీ చేతులే. నీ ముఖం కన్నా నీ చేతులే ఎక్కువ చూశాను."

"మరి ఒక్కసారీ అడగలేదే నేర్పమని?"

"నువ్వు ఒక్కసారీ రమ్మనలేదు."

"ఇక్కడి పిల్లలు నవ్వుతారనుకున్నాను," అన్నారు సెలెస్ట్ గారు. "మా ఊళ్లో లేసు అల్లే పిల్లంటే బీదపిల్లని అర్థం. నువ్వు బీదపిల్లవి కాకూడదని ఇంత దూరం వచ్చాను. మళ్లీ నీ చేతికి పుల్లలు ఇవ్వనా?"

అనా తల ఎత్తలేదు. "నోరు వదులవుతోంది, మమ్. చేపది," అంది.

వచ్చిన పేషెంటు ఒక వడ్రంగి, వేలికి కుట్లు పడ్డవాడు. అతన్ని పక్కగదిలో చూసి నేను తిరిగొచ్చేసరికి చేప పూర్తయింది. తల్లీకూతుళ్లు రెండోదాని మీద ఉన్నారు. ఆ రోజు వాళ్లని లేపడానికి నాకు మనసొప్పలేదు. ఖాళీగా ఉన్న మూల గది ఇచ్చి, సాయంత్రం దాకా ఉండమన్నాను.

ఆ చలికాలం అయిపోయేదాకా వాళ్లు వచ్చారు. ఇంట్లోనూ కూర్చున్నారు. అనా పొద్దున షిఫ్టు చేసి, మధ్యాహ్నం తల్లి పక్కన చేరేది. సెలెస్ట్ గారు వ్యాయామాలు కూడా మానలేదు. రబ్బరు ముద్దని తిట్టుకుంటూనే పిసికారు. ఆవిడ చెయ్యి ఇంకొంచెం తిరిగింది. కప్పు పట్టుకోవడానికి, జడ వేసుకోవడానికి చాలింది. పుల్లలు పట్టడానికి చాలలేదు. లేసు పిన్నులు విప్పే రోజు నన్నూ పిలిచారు. ఒక్కొక్క పిన్నూ తీస్తుంటే ముగ్గురం దిండు మీదికి వంగాం. మొదట్లో అల్లిన అంచు దగ్గర ఒకచోట మాత్రం గోధుమరంగు మరకలు కనిపించాయి. మిగతాదంతా తెల్లగా, ఎత్తి పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే లేకుండా ఉంది.

మరుసటి ఏడు పోర్ట్ చామర్స్‌లో ఒక చిన్న హాల్లో శనివారాలు లేసు నేర్పుతున్నారని అనా చెబితే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒకప్పుడు పడవల మీద వలలు బాగుచేసిన ఒక ముసలాయన ఉన్నారు. దిండ్లు ఏ బజార్లోనూ దొరక్క, గోనెపట్టాలో గడ్డి కూరి తామే చేసుకున్నారు. ముసలాయన పాత చెక్కతో పుల్లలు చెక్కి తెచ్చాడు. అనా నేర్పుతోంది. సెలెస్ట్ గారు కుర్చీలో కూర్చుని తప్పులు పట్టుకుంటున్నారు. ఎవరి చేతిలోనైనా పుల్లలు జారితే నాలుకతో అదే చప్పుడు.

నేను పక్కన కూర్చుని అలవాటుగా ఆవిడ కుడి చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మెల్లగా తిప్పి చూశాను. ఆగిన చోటే ఆగింది.

"ఇంకొంచెం తిరిగి ఉంటే బాగుండేది," అన్నాను. నా మనసులో ఆ లోటు అలాగే ఉంది.

ఆవిడ హాలు వైపు చూపించారు. కూతురు ఒక ఆవిడ వెనక నిలబడి, ఆమె చేతుల కిందకి తన చేతులు పోనిచ్చి, పుల్లల బరువు ఎలా మొయ్యాలో చూపిస్తోంది.

"పూర్తిగా తిరిగి ఉంటే నేను ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని అల్లుకునేదాన్ని, శైలజా," అన్నారు. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "చేపలు నాతోనే వెళ్లిపోయేవి."

నయం చెయ్యడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. ఇంటికి వస్తూ దారంతా దాని గురించే ఆలోచించాను. మా చదువులో చెయ్యి అంటే ఒక మనిషిది. దాని బలం, దాని కొలత, దాని నష్టం అన్నీ ఆ మనిషి లెక్కలోనే. కానీ నాలుగైదు తరాల వాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని నేర్చుకున్న పని ఒక్క మణికట్టులో ఉండదు. ఆ కేసు తర్వాత, పోగొట్టుకున్నది పూర్తిగా తిరిగిరాని పేషెంటు ఎదురైనప్పుడు, చెయ్యి గురించి చెప్పాల్సింది నిజాయితీగా చెప్పేసి, ఆ మాటతో అపాయింట్‌మెంటు ముగించడం మానేశాను. తలుపు పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూస్తాను. వాళ్లని దగ్గరికి రమ్మని, పేషెంటు పక్కన కుర్చీ వేస్తాను.